బెజవాడ నుంచి నిజాంపట్నం అఖాతం దాకా పాత పడవ దారి: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ దారి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుంది?

ప్రకాశం బ్యారేజీకి గుంటూరు వైపు కొసన, సీతానగరం దగ్గర కృష్ణ నీళ్లు పశ్చిమ డెల్టా ప్రధాన కాలువలోకి మళ్లుతాయి. అక్కడి నుంచి దుగ్గిరాల. దుగ్గిరాల లాకుల (పడవలను ఎక్కించి దించే నీటి తలుపుల) దగ్గర కాలువలు చీలతాయి. కొన్ని తెనాలి వైపు, అక్కడి నుంచి తీరం వైపు దిగుతాయి. కొమ్మమూరు కాలువ మాత్రం నైరుతిగా తిరిగి పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. ఆ కాలువ పట్టుకుంటే ఒకప్పుడు మద్రాసు.

ఇది కాలువల సంగతి. ఇక సముద్రం వైపు చూస్తే, కృష్ణ కలిసే చోటు నుంచి పడమరగా నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు మీదుగా మోటుపల్లి వైపు తీరం లోపలికి ఒంగి ఉంటుంది. అదే నిజాంపట్నం అఖాతం. కాలువలు తవ్వడానికి వందల ఏళ్ల ముందే ఓడలు ఆగిన చోటు అది.

దీన్ని ప్రభుత్వం బోర్డులు పెట్టి, టికెట్టు కొట్టి చూపించే ట్రైల్ అనుకోకండి. పాత రేవులు, పాత లాకులు, మిగిలిన నీళ్లు కలుపుకుంటూ ఎవరికి వారు కట్టుకునే దారి. పాత పుస్తకాల్లో ఈ తీరం చాలా వరకు గుంటూరు జిల్లా అని ఉంటుంది. 2022లో జిల్లాలు విడిపోయాక నిజాంపట్నం, రేపల్లె, సూర్యలంక, మోటుపల్లి అన్నీ బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. పర్మిషన్ కోసం గుంటూరు కలెక్టరేట్ చుట్టూ తిరిగితే పని జరగదు.

మొత్తం దారి పడవలోనే వెళ్లొచ్చా?

వెళ్లలేం. ఈ ప్రశ్న అడిగేవాళ్లే ఎక్కువ, కాబట్టి సూటిగానే చెప్తున్నాం. లాకులు పడవల కోసం తెరవడం ఎప్పుడో ఆగిపోయింది. కొన్నిచోట్ల వంతెనలు నీటికి బాగా దగ్గరగా ఉన్నాయి, పడవ కిందికి దూరదు. గుర్రపు డెక్క ఒక్కోచోట కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుచుకుని ఉంటుంది. పైగా ఎండాకాలంలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు.

నీళ్లు బాగున్న చోట పడవ, బాగాలేని చోట కాలువ కట్ట మీద బండి. ఇలా ముక్కలు ముక్కలుగా చేసేవాళ్లకే ఈ దారి దక్కుతుంది. బండి మీద చేసే ముక్కలు కూడా తక్కువేం కాదు. పాత లాకు గోడల మీద నిలబడి పడవలు ఎలా ఎక్కేవో, ఎలా దిగేవో ఊహించుకోవాలంటే అలా ఆగుతూ పోవాల్సిందే.

మరి పడవ ఎక్కగలిగే చోట్లు ఏవి?

మొదటిది బ్యారేజీకి ఎగువన. విజయవాడ ఘాట్ల నుంచి భవానీ ద్వీపానికి పర్యాటక శాఖ బోట్లు ఉంటాయి. ఇది అందరికీ తెలిసిందే, పిల్లలతో వెళ్లడానికి బాగుంటుంది. వరద ఉన్న రోజుల్లో ఆపేస్తారు. నిజం చెప్పాలంటే ఇది పాత దారిలో గుమ్మం మాత్రమే.

అసలు సరుకు కృష్ణ మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట ఉంది. పులిగడ్డ దాటాక నది పాయలుగా విడిపోతుంది. అవనిగడ్డ, నాగాయలంక వైపు వెళ్తే ఏటిమొగ నుంచి ఎదురుమొండికి పంటు (రేవు దాటించే బల్లకట్టు) నడుస్తుంది. మనుషులు, మోటారు సైకిళ్లు, గడ్డి మోపులు, పెళ్లి సామాన్లు అన్నీ దాని మీదే. ఎదురుమొండి దీవి జనానికి అది రోజువారీ బస్సు, మనకేమో కృష్ణ చివరి పాయను నీటి మీద నుంచి చూసే అవకాశం. ఖర్చు తక్కువ, హడావుడి లేదు. ఈ పేజీలో చెప్పిన వాటిలో ఒక్కటే చేయగలం అంటే మేం దీన్నే చేయమంటాం.

మూడోది రేపల్లె, నిజాంపట్నం వైపు. అక్కడ మడ అడవుల మధ్య పాయల్లో వేట పడవలు తిరుగుతాయి. అవి టూరిస్టు పడవలు కావు. వాటి గురించి కింద విడిగా రాశాం.

ఎన్ని కిలోమీటర్లు ఉంటుంది?

కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు. విజయవాడ నుంచి అటు గోదావరి వైపు కలిపే ఏలూరు కాలువ 139. బకింగ్‌హామ్ కాలువ మొత్తం దాదాపు 420, అందులో సగానికి పైగా మన రాష్ట్రంలోనే ఉంది. ఇవన్నీ కలిపితే కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా సముద్రంలోకి దిగకుండా లోపల లోపలే పడవ మీద పోయే దారి ఒకప్పుడు ఉండేది.

ఈ కాలువలు పంటల కోసం తవ్వినవి కదా, పడవలు ఎందుకు తిరిగాయి?

రెండింటికీ తవ్వారు. దీని వెనక కరువుల కథ ఉంది.

1832–33లో వచ్చిన కరువును మనవాళ్లు నందన కరువన్నారు, డొక్కల కరువన్నారు. గుంటూరు ప్రాంతం ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయింది. తిండి గింజలు వేరే చోట ఉన్నా ఇక్కడికి చేర్చే దారి లేకపోవడం ఆ కరువును ఇంకా ఘోరం చేసింది. కృష్ణ పక్కనే పారుతున్నా పొలానికి నీళ్లు రాలేదు, ఊరికి గింజలు రాలేదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యే రోజుల్లోనే బెజవాడ దగ్గర కూడా ఆనకట్ట మొదలుపెట్టారు. ఆర్థర్ కాటన్ పేరు అందరికీ తెలుసు. కృష్ణ ఆనకట్ట దగ్గర ఉండి పని నడిపించింది కెప్టెన్ చార్లెస్ ఓర్. 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువలకు లాకులు కట్టింది పడవల కోసమే. నీటి మట్టం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది కదా. పడవను రెండు తలుపుల మధ్య తొట్టిలో ఆపి, నీళ్లు నింపి పైకి లేపడమో, వదిలేసి కిందికి దించడమో చేసేవాళ్లు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ చాలకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానికేసుకుని లాగేవాళ్లు. కాలువ కట్టలు నడవడానికి అంత వీలుగా ఉండటానికి అదీ ఒక కారణం.

దక్షిణాన బకింగ్‌హామ్ కాలువ సంగతి ఇంకో కరువు. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1800ల మొదట్లో తవ్విన చిన్న కాలువను తర్వాత పులికాట్ దాకా, ఆపైన ఉత్తరంగా పెంచుకుంటూ వచ్చారు. 1876–78 ధాత కరువులో కూలి కోసం వచ్చిన లక్షల జనంతో మిగతా ముక్కలు కలిపించారు. అప్పటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. పేరు ఆయనది, తట్ట మోసింది మనవాళ్లు.

ఇప్పుడున్న బ్యారేజీ పాత ఆనకట్ట కాదు. 1952లో ఆనకట్ట తెగాక దాని ఎగువన కొత్తది కట్టి 1957లో పూర్తి చేశారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు.

పడవలు ఎప్పుడు ఆగిపోయాయి?

ఒక్కరోజులో ఆగలేదు. 1899లో బెజవాడ–మద్రాసు రైలు దారి కలవగానే పెద్ద సరుకు రైలెక్కింది. అయినా ఉప్పు, కట్టెలు, ధాన్యం చాలా ఏళ్లు పడవల్లోనే పోయాయి. తర్వాత లారీలు వచ్చాయి. 1965, 66 తుపానులు బకింగ్‌హామ్ కాలువను బాగా దెబ్బతీశాయి, మేటలు తీసే నాథుడు లేడు. ఇక అంతే.

4వ జాతీయ జలమార్గం అంటున్నారు, అది ఇదేనా?

ఇదే. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలు, కృష్ణా గోదావరుల్లో కొంత భాగం కలిపి జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017లో ముక్త్యాల–విజయవాడ ముక్కకు శంకుస్థాపన చేశారు. కానీ కొమ్మమూరు కట్ట మీద నడిచి చూస్తే ఆ ప్రకటన జాడ ఎక్కడా కనిపించదు. సరుకు రవాణా సంగతి దేవుడెరుగు, ముందు రెండు మూడు పాత లాకులు బాగుచేసి ఓ పది కిలోమీటర్లు చిన్న పడవలు తిప్పినా జనం ఎగబడి వస్తారని మా నమ్మకం.

నిజాంపట్నంలో చూడ్డానికి ఏముంది? చేపల రేవే కదా?

చేపల రేవే. కోట గోడలు, మ్యూజియం ఏమీ ఉండవు. అది తెలుసుకుని వెళ్తేనే బాగుంటుంది.

యూరప్ వాళ్లు ఈ ఊరిని పెటపోలి అని రాసుకున్నారు, పక్కనున్న పెద్దపల్లి పేరును పట్టుకుని. డచ్చివాళ్లు 1606లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్ల ‘గ్లోబ్’ అనే ఓడ ఇక్కడికి వచ్చి, ఆ తర్వాత మచిలీపట్నం వెళ్లింది. మద్రాసులో కోట కట్టడానికి చాలా ముందటి మాట ఇది. వాళ్లు వచ్చింది బట్టల కోసం. ఈ ఇసుక నేలల్లో దొరికే చిరువేరు నుంచి తీసే ఎరుపు రంగుకి అప్పట్లో మంచి పేరు. ఆ రంగు అద్దిన బట్టలు తూర్పు దీవులకు పోయి, అక్కడి నుంచి సుగంధ ద్రవ్యాలై యూరప్ చేరేవి. మిరియాలు, లవంగాల బేరానికి మన నేతగాళ్ల బట్టే పెట్టుబడి అన్నమాట.

ఈ తీరంలో లోతు లేదు. పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుంటే చిన్న పడవలు సరుకు తెచ్చి ఇచ్చేవి. ఇప్పుడు రేవు గట్టున నిలబడి, బురదలో కూరుకుపోయి పోటు (సముద్రపు నీళ్లు పెరగడం) కోసం ఎదురుచూస్తున్న మర పడవలను చూస్తే ఆ బాధ ఏంటో అర్థమవుతుంది. తెల్లవారుజామున వేట నుంచి పడవలు వచ్చే వేళకి వెళ్లండి. వేలం పాట చూడొచ్చు. దారికి అడ్డం నిలబడి ఫొటోలు తీయకండి, వాళ్లకి అది పని వేళ.

మోటుపల్లి కూడా కలుపుకోవాలా?

తప్పకుండా. చీరాల నుంచి చినగంజాం వైపు వెళ్తుంటే తగులుతుంది. ఊరు చిన్నది. వీరభద్రస్వామి గుడి దగ్గర శాసన స్తంభం ఉంది, అదే కాకతి గణపతిదేవుడి అభయ శాసనం, 1244 నాటిది. అప్పటిదాకా ఓడ తుపానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడితే అందులోని సరుకంతా రాజు లాగేసుకునేవాడు. అసలే నష్టపోయినవాడి దగ్గర అలా చేయకూడదని, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని గణపతిదేవుడు రాయి మీద చెక్కించి మాట ఇచ్చాడు. తర్వాత రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా 1358లో ఇక్కడే వర్తకులకు అలాంటి హామీ ఇచ్చాడు. మార్కో పోలో ‘ముట్‌ఫిలి’ అని రాసింది ఈ రేవునే. వజ్రాల గురించీ, రాజ్యం ఏలుతున్న రాణి గురించీ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవే.

ఇంత కథ ఉన్న చోట ఇప్పుడు రేవు ఆనవాలు కూడా లేదు. సముద్రం జరిగింది, ఇసుక మేటలేసింది. కొందరు నిరాశపడి వెనక్కి వస్తారు. శాసనం సంగతి ముందే పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి, అప్పుడు ఆ రాయి వాళ్లకి రాయిలా కనపడదు.

భట్టిప్రోలు, ఘంటసాల?

టైముంటే చూడండి. భట్టిప్రోలు రేపల్లె దారిలోనే ఉంది. 1892లో అలెగ్జాండర్ రే బౌద్ధ స్తూపం తవ్వి ధాతు కరండాలు (అస్థికలు దాచిన పెట్టెలు) బయటికి తీశాడు. వాటి మీది బ్రాహ్మీ లిపి ప్రత్యేకమైనది. ఘంటసాల అవతలి ఒడ్డున, నాగాయలంక దారికి కలుస్తుంది. పాత గ్రీకు భూగోళ రచయిత టాలెమీ రాసిన ‘కంటకస్సిల’ అదేనని చరిత్రకారులు గుర్తించారు.

ఏ నెలల్లో వెళ్లాలి?

జనవరి, ఫిబ్రవరి. ఎండ మెత్తగా ఉంటుంది, సముద్రం కాస్త శాంతంగా ఉంటుంది, కాలువల్లో నీళ్లు కూడా చాలాసార్లు ఉంటాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం కూడా ఇదే. రాత్రిపూట ఒడ్డున టార్చిలైట్లు వేసుకుని తిరగొద్దు.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు చూడ్డానికి పచ్చగా బాగుంటుంది కానీ తుపాన్ల కాలం. 1977 నవంబరు 19 దివిసీమలో ఇప్పటికీ మర్చిపోని తేదీ. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అల్పపీడనం అన్న మాట వినపడగానే ప్లాన్ వాయిదా వేసుకోండి, తర్వాత చూద్దాం అనుకోకండి.

ఆగస్టు, సెప్టెంబరు కృష్ణకి వరద నెలలు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. తెగిపోయిన పడవలు వచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం, రేవులన్నీ నిద్రపోతుంటాయి. మే నెల ఎండ సంగతి గుంటూరు వాళ్లకి మేం చెప్పేదేముంది.

పోటు పాటు చూసుకోవాలా? మాకేం తెలుసు అవన్నీ?

కృష్ణ మొగ పాయల్లో నీళ్లు రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతాయి. పెరిగితే పోటు, తగ్గితే పాటు. అమావాస్య, పున్నములకు తేడా ఎక్కువ. పాటు మొదలయ్యాక చిన్న పాయలోకి దూరితే పడవ బురదలో కూర్చుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా ఆరేడు గంటలు దోమలతో కబుర్లే. పడవ నడిపేవాళ్లకి ఇదంతా నోటికి వచ్చు. ‘బాబాయ్, పోటు ఎన్నింటికి?’ అని ముందురోజే అడిగి, ఆయన చెప్పిన టైముకే రండి. మీ నిద్ర టైము ప్రకారం ఆయన్ని రమ్మంటే సముద్రం ఒప్పుకోదు.

వేట పడవలో తీసుకెళ్లమని అడగొచ్చా?

అడుగుతున్నారు, కొందరు తీసుకెళ్తున్నారు. మేం మాత్రం వద్దంటాం. వేట పడవకు మనుషుల్ని తిప్పే అనుమతి ఉండదు, సరిపడా లైఫ్ జాకెట్లు ఉండవు, ఏదన్నా జరిగితే ఆ కుటుంబం బతుకుతెరువు పోతుంది.

2017 నవంబరు 12న భవానీ ద్వీపం వైపు నుంచి పవిత్ర సంగమానికి బయల్దేరిన పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఒడ్డు కనపడుతూనే ఉంది. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర ఇంకా పెద్ద ఘోరం. అందుకే పంటు అయినా, లాంచీ అయినా మూడు విషయాలు చూడండి. అందరికీ లైఫ్ జాకెట్ ఉందా, అది కట్టుకున్నారా, మోయాల్సినంత మందే ఎక్కారా. జాకెట్టు మురికిగా ఉందని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లని చూస్తుంటాం. అది ఒంటి మీద ఉంటేనే పనికొస్తుంది. ‘నాకు ఈత వచ్చండీ’ అనే మాట ఇక్కడ పనిచేయదు. చెరువులో ఈత వేరు, పాయలో పాటు లాగుతుంటే ఈత వేరు. సరంగు (పడవ నడిపేవాడు) వద్దంటే దిగిపోండి, బతిమాలకండి.

సొంత కయాక్ ఉంది. కాలువలో వేసుకోవచ్చా?

జలవనరుల శాఖ స్థానిక ఇంజనీరుగారిని అడిగి, అనుమతి ఉంటేనే. లాకులు, తూములు, రెగ్యులేటర్లకు మాత్రం బాగా దూరంగా ఉండాలి. పైకి నీళ్లు కదలనట్టే ఉంటాయి, కింద గేటు లాగేస్తుంటుంది. బ్యారేజీకి దగ్గర్లో, ఎగువనైనా దిగువనైనా, కయాక్ ఆలోచనే వద్దు. కాలువలో సుడులే కాదు, గాజు పెంకులు, పాత వలలు, ఊళ్ల మురుగు కూడా ఉంటాయి. చెప్పులు వేసుకోండి, నోట్లోకి నీళ్లు పోనివ్వకండి.

మడ అడవుల్లోకి వెళ్లాలంటే?

కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం 194.81 చదరపు కిలోమీటర్లు, నదికి రెండు వైపులా ఉంటుంది. అటవీ శాఖ అనుమతి తీసుకోవాల్సిందే. లోపల బావురుపిల్లి ఉంటుంది, చేపలు పట్టుకుని తినే అడవి పిల్లి. అది రాత్రిపూట తిరిగే జంతువు. కనపడుతుందని ఆశపెట్టుకోకండి, బురదలో అడుగులు కనిపించినా అదృష్టమే. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. పొడుచుకొచ్చిన మడ వేర్ల మీద నడవకండి, చెట్టు గాలి పీల్చుకునేది వాటితోనే.

సూర్యలంకలో ఒక్కోసారి సముద్రంలోకి వెళ్లొద్దంటారేం?

అక్కడ వాయుసేన స్థావరం ఉంది, క్షిపణి పరీక్షలు జరుపుతారు. ఆ రోజుల్లో వేటగాళ్లకి ముందే చెప్తారు. మీరూ బాపట్లలో కనుక్కుని బయల్దేరండి. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లే.

ఒక్క రోజులో అవుతుందా?

ఒక్క రోజంటే ఒక వైపే. విజయవాడ వాళ్లు అవనిగడ్డ, నాగాయలంక, ఏటిమొగ పంటు చూసుకుని సాయంత్రానికి రావచ్చు. గుంటూరు వాళ్లకి తెనాలి, భట్టిప్రోలు, రేపల్లె, నిజాంపట్నం దగ్గర. రెండు రోజులుంటే మొదటి రోజు సీతానగరం నుంచి దుగ్గిరాల లాకులు, తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం. రాత్రికి బాపట్లో చీరాలో. రెండో రోజు సూర్యలంక, మోటుపల్లి, ఉప్పు మడులు చూసుకుంటూ పెదగంజాం. రైల్లో అయితే తెనాలి నుంచి రేపల్లెకి బ్రాంచి లైను ఉంది. బాపట్ల, చీరాల, చినగంజాం మెయిన్ లైను మీదే.

తిండి?

తెనాలిలో బెల్లం జిలేబీ. తీరంలో చేపల కూర ఎక్కడ దొరికితే అక్కడ. ఎదురుమొండి వైపు వెళ్తే మంచినీళ్లు, టిఫిను కట్టుకుని వెళ్లండి, హోటళ్ల మీద ఆశ వద్దు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు రావచ్చా?

భవానీ ద్వీపం, సూర్యలంక, మోటుపల్లి నిక్షేపంగా. పంటు కూడా ఫర్వాలేదు, ఎక్కేటప్పుడు బల్ల జారుతుంది, చెయ్యి పట్టుకోండి. మడ పాయలు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం.

నీళ్ల మీద ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ 1554, తీర భద్రతా పోలీసులకు 1093. నదిలో, కాలువలో అయితే 112. మొగ దగ్గర చాలాచోట్ల సిగ్నల్ అందదు, కాబట్టి ఏ రేవు నుంచి ఎన్నింటికి బయల్దేరుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఉన్న ఒకరికి చెప్పి ఎక్కండి.